బోర్డు లేని ఇంటి మార్తక్క

భూపాలపల్లిలో చలికాలం పొద్దున ఆఫీసు కిటికీ తెరిస్తే మంచు, బొగ్గుపొగ వాసన కలిసి లోపలికి వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎవరో దూరంగా కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెడుతున్నట్టు అనిపించి మత్తుగా ఉంటుంది. మొన్న అలాగే టీ గ్లాసు పట్టుకుని, సగం నిద్రలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. వెనక 'టిక్' మని చప్పుడైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, మెడలో కొత్త గుర్తింపు కార్డు వేసుకుని, తన కుర్చీలో కూర్చుని తన ఫొటో తానే తీసుకుంటోంది. ఆమె వెనక గోడ మీద తెల్లబోర్డు ఉంది. మాలో ఎవరు ఏ రోజు ఏ ఊరికి తనిఖీకి పోతారో దాని మీద రాసి ఉంటుంది. "ఎవలికన్న పంపే ముందు నీ ఎనుక ఏమున్నదో జర చూసుకో బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, నాలుక కరుచుకుని, నవ్వుతూ ఆ ఫొటో తీసేసింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ మాట నాది కాదు. అలా చివర సాగదీసి 'బిడ్డా' అనడం కూడా నాది కాదు. అది మార్తక్కది. టీ చల్లారిపోయేదాకా ఆమెనే తలచుకుంటూ నిలబడ్డాను.

మార్తక్కను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, కాస్త లావుగా, ఎప్పుడూ లేతరంగు నూలు చీరలో, దారం కట్టిన కళ్లజోడు మెడలో వేలాడుతూ ఉండేది. ఆమె గొంతు మాత్రం వేరు. ఎంత కోపం వచ్చినా పెద్దగా మాట్లాడేది కాదు. పక్కనే కూర్చుని మాట్లాడుతున్నా, ఎక్కడో దూరం నుంచి ఫోన్లో వినిపిస్తున్నట్టుండేది. వయసులో ఉన్నప్పుడు జనగామ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం చేసింది. ఆ పనికి మనుషుల అవసరం లేకుండా పోయాక, మహబూబాబాద్‌లో ఒక ఇంటికి ఇన్‌ఛార్జిగా వచ్చింది. ప్రాణభయంతోనో, బలవంతపు పెళ్లి తప్పించుకునో ఇల్లు వదిలిన ఆడవాళ్లు కొన్నాళ్లు తలదాచుకునే ఇల్లు అది. ఇప్పుడు లేదు కాబట్టి చెబుతున్నాను.

ఆ ఇంట్లో నాకు ఆఫీసు పని దొరికింది. నా మొదటి ఉద్యోగం. జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, చేతిలో చిరునామా పెట్టుకుని ఎండలో గల్లీలన్నీ తిరిగాను. చిరునామా ఉంది గాని ఇల్లు లేదు. ఆటో అన్నను అడిగాను, చాయ్ దుకాణంలో అడిగాను, మిరపకాయలు ఆరబోసుకుంటున్న అవ్వను అడిగాను. చివరికి నేను అప్పటికే చాలాసార్లు దాటిపోయిన ఒక గేటు తెరుచుకుంది.

"ఏం బిడ్డా, పొద్దటి సంది ఈ గల్లీల తిరుగుతున్నవ్. ఎవలు గావాలె?"

నేను నా పేరు రజిత అనీ, మా నాన్న పేరు, మా ఊరు, ఏ ఉద్యోగం, ఎప్పుడు చేరాలి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె ఓపికగా విన్నది.

"ఇదంత ఇప్పటిదాక ఎవలెవలికి చెప్పినవ్?"

"ఆటో అన్నకు, చాయ్ దుకాణమాయనకు, ఆ అవ్వకు..."

ఆమె నుదురు కొట్టుకుంది. "ఈ ఇంటికి బోర్డెందుకు పెట్టలేదో ఎరుకేనా? నువ్వేమో నువ్వే బోర్డువై తిరుగుతున్నవ్. రా లోపటికి, మంచినీళ్లు తాగు."

అదీ మా పరిచయం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. అలాంటి దాన్ని దేవుడు తీసుకెళ్లి మార్తక్క చేతిలో పెట్టాడు. మధ్యాహ్నాలు పని తగ్గాక, వరండాలో నీడ పడే చోట కూర్చుని ఆమె ఎక్స్ఛేంజి రోజుల గురించి చెప్పేది. చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్ బరువు, ఎదురుగా వెలిగే చిన్న చిన్న దీపాలు, ఒక్కో దీపం వెనక ఒక్కో ఊరు. ఎవరి ఇంట్లోనో బిడ్డ పుట్టాడన్న మాట, ఎవరో పోయారన్న మాట ఆమె చేతివేళ్ల మీదుగానే పోయేవట. ఆమె చెబుతుంటే ఆ దీపాలు నా కళ్ల ముందు వెలిగి ఆరేవి.

"అన్ని విన్నవుగద అక్కా, ఎవ్వలకు చెప్పబుద్ధి గాలేదా?" అని ఒకసారి అడిగాను.

దానికి ఆమె వాళ్ల అక్క సంబంధం గురించి చెప్పింది. తరిగొప్పులలో వాళ్ల ఇంటికి మగపెళ్లివాళ్లు ఖాయం చేసుకోవడానికి వస్తామన్నారు. వాళ్లమ్మ సంబరంగా పిండివంటలకు పిండి తడిపింది. ఆ రోజే మార్తక్క కలిపిన ఒక కాల్‌లో ఆ పెళ్లికొడుకు తండ్రి మాట్లాడాడు. ఈ సంబంధం వద్దు, వేరేది చూశాం అన్నాడు.

"ఇంటికి వొయ్యేసరికి అమ్మ సకినాలు చుడుతున్నది. నేను గూడ పక్కన కూసోని చుట్టిన. అక్క నూనెల ఏస్తున్నది. గా సంబురం ఎట్ల చెడగొడ్దు? అయినా అది నాకు చెప్పిన మాట గాదు గద. దారిల వొయ్యే మాటను నేను వట్టుకున్న, గంతే."

నాకు మనసొప్పలేదు. సొంత అక్కకు కూడా చెప్పకపోవడం ఏం న్యాయమని వాదించాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది.

ఆ ఇంట్లో పద్ధతులు కొన్ని ఆమె సొంతం. వచ్చిన ప్రతి అమ్మాయికీ కొత్త పేరు పెట్టేది. పాత పేరుతో పిలవడానికి వీల్లేదు. మా ఫోన్లు గడప దగ్గర ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి లోపలికి రావాలి. అవసరమైతే వరండాలోకి వచ్చి మాట్లాడుకోవాలి. ఈ డబ్బా అంటే అందరికీ మంట. కానీ పైఆఫీసుకు ఫొటోలు కావాలి కదా! అన్నం పెట్టినట్టు ఫొటో, ఊడ్చినట్టు ఫొటో, దినోత్సవం జరిపినట్టు ఫొటో. గ్రూపులో వెయ్యకపోతే పని చేయనట్టే లెక్క. అందుకని పని పేరుతో ఒక్క ఫోన్ మాత్రం లోపల తిరిగేది. అది సరిత ఫోన్. సరిత అని రాస్తున్నాను గాని అది ఆమె పేరు కాదు. మంచి పిల్ల, అమ్మాయిల జడలు తానే అల్లేది. మార్తక్క ఆమెకు ఎప్పుడూ ఒకటే చెప్పేది: "మొఖం రావొద్దు. చేతులు గూడ రావొద్దు, గాజులు గుర్తువడ్తరు." అందుకే మా ఫొటోలలో అన్నం గిన్నెలు, చీపుర్లు తప్ప మనిషి జాడ ఉండేది కాదు. దయ్యాలు అన్నం తింటున్నాయా అని పైఆఫీసు వాళ్లు ఒకసారి వెటకారం చేశారు. "అవ్ సార్, పాపం మంచి దయ్యాలు" అంది మార్తక్క.

వానలు మొదలైన రోజుల్లో రేఖ వచ్చింది. ఇది మార్తక్క పెట్టిన పేరు. లంబాడీ తండా పిల్ల, ఇంటర్ పూర్తయింది, నర్సింగులో సీటు వచ్చింది. బాబాయి ఆమెకు తనకు కావలసిన మనిషితో పెళ్లి ఖాయం చేశాడు. ఆ పిల్లకు పద్దెనిమిది నిండాలంటే ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. తండ్రి లేడు. తల్లికి ఎదురు చెప్పే శక్తి లేదు గాని, దాచిపెట్టే ధైర్యం ఉంది. బడి టీచరమ్మ సాయంతో బిడ్డను మా దగ్గరికి చేర్చి, ఏమీ తెలియనట్టు తండాలో ఏడుస్తూ కూర్చుంది. కాలేజీలో చేరే రోజు వరకు రేఖ ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే తీసుకుపోతారు. తీసుకుపోతే చదువు లేదు. అంత తేలికైన లెక్క.

రేఖ మొదట ఎవరితోనూ మాట్లాడలేదు. తీజ్ పండుగ రోజులు దగ్గరపడ్డాక ఒక పొద్దున మార్తక్క ముందు నిలబడి, "బుట్ట ఏసుకుంట అక్కా" అంది. తండాల్లో పెళ్లికాని పిల్లలు వెదురు బుట్టలో పుట్టమన్ను, మేక ఎరువు కలిపి గోధుమలు చల్లుతారు. రోజూ నీళ్లు పోస్తూ పాడుతూ మొలకలు పెంచి, పండుగ చివరి రోజు నీళ్లలో కలుపుతారు. మార్తక్క ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. "మొలక మొలుస్తనంటె ఏ దేవుడు గాదంటడు బిడ్డా" అని తానే బజారుకు పోయి గోధుమలు తెచ్చింది. రేఖ బుట్ట అంచుకు ఒక గుడ్డ కట్టింది. అద్దాలు, గవ్వలు పెట్టి వాళ్ల యాడి, అంటే వాళ్లమ్మ, కుట్టిన గుడ్డ. ఇంట్లోంచి ఆ పిల్ల తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. బుట్టను మేడమీద రేకుల నీడలో పెట్టారు. ఆ వారం ఆ ఇంటి గాలే మారిపోయింది. బయట సన్నటి వాన. మేడమీద అమ్మాయిలందరూ చేతుల్లో చెంబులు పట్టుకుని బుట్ట చుట్టూ కూర్చునేవారు. రేఖ తన భాషలో మెల్లగా పాడేది. మాటలు ఎవరికీ అర్థం కావు, అయినా అందరూ గొంతు కలిపేవారు. లేత పసుపు మొలకలు పొద్దునకొకలా, సాయంత్రానికొకలా పెరిగేవి. వాటి మధ్యలోంచి అద్దాలు మెరిసేవి. ఎంత భయంతో వచ్చిన మనుషులో వాళ్లంతా! ఆ మేడమీద మాత్రం ఎవరికీ ఏ భయమూ లేనట్టు ఉండేది. నా జీవితంలో నేను చూసిన అందమైన రోజులు అవే.

సరితకూ అలాగే అనిపించి ఉంటుంది. మొలకల ఫొటో తీసింది. మార్తక్క చెప్పింది చెప్పినట్టే చేసింది. ముఖం లేదు, చెయ్యి లేదు, గాజు లేదు. ఒట్టి బుట్ట. 'మా ఆఫీసులో తీజ్' అని తన స్టేటస్‌లో పెట్టింది. ఎవరో స్నేహితురాలికి నచ్చి, దాన్ని ఇంకో గ్రూపులో వేసింది. మొలకలు బాగా వచ్చాయని అందరూ మెచ్చుకుంటూ చేతులు మార్చారు. మర్నాడు మధ్యాహ్నానికి రేఖ వాళ్ల యాడి మార్తక్కకు ఫోన్ చేసింది. ఫోన్ బయటికి వినిపిస్తోంది, నేను పక్కనే ఉన్నాను.

"నా కుట్టు గుర్తువట్టిన్రమ్మా. మా తోటికోడలు చూసి మొగనికి చూపిచ్చింది. ఎనుక నీళ్ల ట్యాంకు గూడ కనవడ్డదంట, మానుకోటదే అనుకుంట బయల్దేరిన్రు. నా బిడ్డను కాపాడమ్మా."

మహబూబాబాద్‌ను మా వైపు వాళ్లు మానుకోట అనే అంటారు. మేడమీదికి పరుగెత్తాం. బుట్ట వెనక, పిట్టగోడ దాటాక, నీలం రంగు వేసిన నీళ్ల ట్యాంకు. రోజూ చూసేదే. ఆ క్షణం దాకా అది నాకు కనిపించనే లేదు. సరిత తన ఫోన్ తీసి చూపించింది.

"మొఖం రానియ్యలే అక్కా, ఒట్టు. ఇగో, తీసేసిన కూడా."

"నువ్వు తీసేసినవ్ బిడ్డా. చూసినోళ్ల కండ్లల్లకెళ్లి ఎట్ల తీస్తం?" అంది మార్తక్క. అరవలేదు. తనలో తాను అనుకున్నట్టు అంది: "తప్పు నాదే. మొఖం, చేతులు అన్న. ఎనుక ఏమున్నదో చూసుకోమనలే."

నేను గోడ మీదుగా చూసేసరికి, ట్యాంకు కింద మోటర్‌సైకిల్ ఆపుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన ఫోన్‌ను ఆకాశానికెత్తి, ట్యాంకును చూస్తూ, చుట్టూ మేడలను చూస్తూ మెల్లగా తిరుగుతున్నాడు. ఒక్కొక్క ఇంటినీ ఫొటోతో పోల్చుకుంటున్నాడు. మార్తక్క పోలీసులకు ఫోన్ చేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రజితా, రేఖను తీస్కొని ఎనుక గల్లీల నుంచి స్టేషన్‌కు పో. మా అక్క దగ్గర ఇడిసిపెట్టు."

"పోలీసులొస్తరు గదక్కా."

"వస్తరు, పోతరు. ఇల్లు దెల్సినంక దెల్సినట్టే. ఇగ ఇది దాపుడిల్లు గాదు."

గొడుగు పట్టుకుని, గేటు తెరిచి నేరుగా ఆ మనుషుల దగ్గరికే నడిచింది. మేం వెనక తలుపు నుంచి దిగుతుంటే ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏందో చూస్తున్రు నాయినా, ఏ ఊరోళ్లు? వానల తడుస్తున్రు, చాయ్ తాగుదురు రాన్రి." పెద్ద మనిషి పిలిస్తే కాదనలేక వాళ్లు చాయ్ దుకాణంలో కూర్చున్నారట. పత్తి ఎట్లుంది, వాన సరిపోయిందా, పిల్లలెందరు అని పోలీసులు వచ్చేదాకా మాటల్లో పెట్టిందట. ఒక్క అబద్ధం చెప్పలేదట. "ఎక్స్ఛేంజిల పెట్టినట్టు లైన్ల పెట్టిన, గంతే" అని తర్వాత నాతో అంది.

రైలులో కిటికీ పక్కన రేఖ, ఆమె పక్కన నేను. కిటికీ బయట పచ్చటి చేలు, తడిసిన మట్టి, చెరువుల మీద పొగలా వాన. పెట్టెలోకి ఎవరెక్కినా చూస్తున్నాను. రేఖ నా వైపు తిరిగింది.

"బుట్టకు నీళ్లెవరు పోస్తరక్కా?"

"మార్తక్క పోస్తది."

ఆ మాటకు తల నా భుజం మీద ఆనించి నిద్రపోయింది. కాజీపేటలో రైలు మారి, జనగామలో దిగి, ఆటోలో తరిగొప్పుల చేరేసరికి వాన వెలిసింది. మార్తక్క వాళ్ల అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. పెళ్లి చేసుకోకుండా, ఉన్న కొద్ది పొలం చేసుకుంటూ ఉన్న మనిషి. రేఖ ఎవరని అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. రేఖ తింటుంటే నేను ఉండబట్టలేక సకినాల సంగతి ఆమెను అడిగేశాను.

"ఆనాడే ఎరుక నాకు. మార్త మొఖం చూస్తే తెల్వదా? అమ్మ గన్ని దినాలు సంబురంగుండనీ అని నేను గూడ సప్పుడు జెయ్యలే" అంది నవ్వుతూ. మార్తక్క మీద నాకున్న పాత కోపం ఆ వాకిట్లోనే పోయింది.

నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీ అవుతోంది. ఒక్క ఫొటోకు ఆ ఇంట్లో ఉన్న వాళ్లందరూ మళ్లీ మూటలు కట్టుకున్నారు. ఒకరు ఇటు, ఒకరు అటు, ఎక్కడెక్కడికో పంపారు. రేఖ ఒక్కతే కాదు, ఆ గోడను నమ్ముకున్న ప్రతి అమ్మాయీ మళ్లీ మొదటి రోజు భయంలోకి వెళ్లింది. విచారణకు వచ్చిన అధికారి ఫొటో పెట్టింది ఎవరని అడిగితే, "ఇన్‌ఛార్జిని నేను. జాగర్త చెప్పుడు నా పని. నాదే తప్పు" అంది మార్తక్క. ఎంత అడిగినా ఇంకో పేరు రాలేదు. ఆ కారణంతోనే ఆమెను ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపారు. సరిత ఏడుస్తూ ఆమె కాళ్ల మీద పడింది. "మొలకలు మాత్రం మంచిగొచ్చినయ్ బిడ్డా" అని ఆ పిల్లను లేపింది. పండుగ చివరి రోజు ఖాళీ ఇంట్లోంచి బుట్ట ఎత్తుకుని పోయి, తానే చెరువులో కలిపి వచ్చింది.

కొన్నాళ్లకు ఆమెను చూడటానికి తరిగొప్పుల వెళ్లాను. రేఖ అక్కడ లేదు. "చేరిందా అక్కా?" అని ఆత్రంగా అడిగాను.

"ఎవలు?" అంది మార్తక్క.

"అదే, రేఖ."

"ఎవలు బిడ్డా?" అంది మళ్లీ, అదే దూరపు గొంతుతో. చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. రైలులో నా భుజం మీద నిద్రపోయిన పిల్ల! నాకు కూడా చెప్పవా అని ఏడుపొచ్చింది. బస్సులో తిరిగి వస్తుంటే మెల్లగా అర్థమైంది. నాకు చెబితే నేను సంతోషంతో ఎవరికో ఒకరికి చెబుతాను. నన్ను ఎరిగిన మనిషి కదా. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆ పేరు ఎత్తలేదు. నాకు భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం ఆమె చాలా సంతోషించింది. ఏ ఆఫీసు, ఏ పని అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంతోషించింది!

పోయిన ఎండాకాలం మార్తక్క చనిపోయింది. నేను తరిగొప్పుల చేరేసరికి మట్టి చేసే చోట జనం నిండిపోయి ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. రకరకాల ఊళ్ల నుంచి, రకరకాల బట్టల్లో, కొందరు చంకలో పిల్లలతో వచ్చారు. పాస్టరు గారు వచ్చినవాళ్లను పలకరిస్తూ, ఏమవుతారమ్మా అని అడుగుతుంటే ఒక్కొక్కరూ చుట్టాలం అనే చెబుతున్నారు. "మార్తమ్మకు ఇంతమంది చుట్టాలా!" అని ఆయన ఆశ్చర్యపోయాడు. "చానామంది" అంది వాళ్ల అక్క. అక్కడ ఒక్కరు కూడా ఫోన్ బయటికి తీయలేదు.

ఎండకు, ఏడుపుకు నాకు కళ్లు తిరిగి వేపచెట్టు మొదట్లో కూలబడ్డాను. ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ముఖం చూశాను. రైలులో నా భుజం మీద నిద్రపోయిన పిల్లకు ఇప్పుడు ఆ వయసే ఉంటుంది. అవునో కాదో తెలియడం లేదు. ఆమె కూడా నన్ను చూసింది. ఎన్ని ప్రశ్నలు నా గొంతుదాకా వచ్చాయో చెప్పలేను. అడగలేదు. ఆమె నా చెయ్యి అందుకుని, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, తన చేతి గడియారం వైపు చూస్తూ పెదవులు కదపకుండా లెక్కపెట్టుకుంది. రోజూ ఆ పని చేసే వాళ్లు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"మంచిగనే కొట్టుకుంటున్నదక్కా. నీళ్లు తాగు, ఏం పరేషాన్ గాకు" అని నా చెయ్యి నా ఒళ్లోనే పెట్టి లేచింది. రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. అది ఏ ఊరి బస్సో కంటపడకూడదని, తల తిప్పకుండా మార్తక్క మీది తడిమట్టినే చూస్తూ కూర్చున్నాను.